గిన్నెలు తోమే గురువుగారు



పోయిన నెల ఆవకాయ జాడీ విమానంలో పగిలిన కథ రాస్తే ఎంతమంది వాయిస్ మెసేజులు పంపారో! అందరికీ జవాబు ఇవ్వలేకపోయాను, ఏమీ అనుకోకండి. ఈ నెల కూడా వంటింట్లోనే మొదలుపెడదామనుకున్నాను. కానీ మా ఇంటి డైనింగ్ టేబుల్ మీద ఒక పుస్తకం కనబడింది. దాంతో కబురు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది. కాస్త ఓపిక పట్టండి, చివరికి మళ్ళీ సింకు దగ్గరికే తీసుకొస్తాను.

థాంక్స్‌గివింగ్ సెలవులకి మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది. మామూలే, ఒక సూట్‌కేసు నిండా మాసిన బట్టలు, ఒక సంచీ నిండా పుస్తకాలు. ఈ సెమిస్టర్‌లో అమెరికన్ కామిక్స్ మీద ఒక క్లాసు తీసుకుందట. "బొమ్మల పుస్తకాలు చదవడానికా తల్లీ మేము ఫీజులు కట్టేది?" అన్నాను. "చందమామ కోసం తాతయ్యతో దెబ్బలాడేదాన్నని చెప్పావుగా, నువ్వా అనేది?" అంది. నోరు మూసుకున్నాను.

ఆ పుస్తకం తీసి చూశాను. ఒక పొట్టి ముసలాయన. నడినెత్తిన బట్టతల, బారెడు తెల్లగడ్డం, మనం ఇంట్లో వేసుకునే నైటీలాంటి పొడుగాటి అంగీ, చేటలంత పాదాలు. "ఏ స్వామీజీవే ఈ పుస్తకం? నాకు చెప్పకుండా నువ్వూ మొదలెట్టావా?" అన్నాను. అది పడీ పడీ నవ్వింది. "అమ్మా, ఈయన స్వామీజీ కాదు. స్వామీజీల మీద జోకు" అంది.

ఆయన పేరు మిస్టర్ నేచురల్. గీసినాయన పేరు రాబర్ట్ క్రంబ్.

ఈ క్రంబ్ 1943లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. కుర్రతనంలో క్లీవ్‌లాండ్‌లో గ్రీటింగ్ కార్డుల కంపెనీలో బొమ్మలు గీసే ఉద్యోగం చేశాడు. 1967 మొదట్లో శాన్ ఫ్రాన్సిస్కో వచ్చేశాడు. అదే ఏడు ఫిలడెల్ఫియా నుంచి వచ్చే 'యారోస్టాక్స్' అనే పత్రికలో మిస్టర్ నేచురల్ మొదటిసారి కనిపించాడు. 1968లో క్రంబ్ 'జాప్' అని సొంత కామిక్ పుస్తకం వేశాడు. వెల 25 సెంట్లు. దాన్ని ఎక్కడ అమ్మారనుకున్నారు? పసిపిల్లల్ని తోసుకెళ్ళే బండిలో పేర్చుకుని, ఆయనా, ఆయన భార్య డేనా, స్నేహితులూ కలిసి హైట్ వీధిలో తిరిగి అమ్మారు. ఇప్పుడు మనం ఉండే ఫ్రీమాంట్ నుంచి గంట డ్రైవు. చుట్టాలు వస్తే గోల్డెన్ గేట్ బ్రిడ్జి చూపించి, ఆ వీధిలోంచే కదా కారు పోనిచ్చేది!

బండిలో పెట్టి అమ్ముకోవడం ఎందుకు, షాపుల్లో అమ్మొచ్చుగా అనొచ్చు మీరు. అమెరికాలో 1954 నుంచి కామిక్ పుస్తకాలకి ఒక నియమావళి ఉండేది. పోలీసుల్నీ, జడ్జీలనీ, ప్రభుత్వాన్నీ చులకన చేయకూడదు. ఇంకా అలాంటివే బోలెడు. ఆ ముద్ర లేని పుస్తకాన్ని మామూలు దుకాణాలకి పంపిణీ చేసేవాళ్ళు దాదాపు లేరు. ఈ కుర్రకారు ముద్రా వద్దు, దుకాణాలూ వద్దు అనుకున్నారు. తామే అచ్చువేసుకున్నారు, పోస్టర్లూ పొగపీల్చే గొట్టాలూ అమ్మే హిప్పీల కొట్లలో పెట్టారు. వాటినే అండర్‌గ్రౌండ్ కామిక్స్ అన్నారు. యుద్ధం, మత్తు, మతం, పడకగది, దేన్నీ వదల్లేదు. అందుకని ముందే చెబుతున్నాను, ఇవి పిల్లల పుస్తకాలు కావు. ఇంటికి తెచ్చి బొమ్మలున్నాయి కదా అని చిన్నాడి చేతిలో పెట్టేరు, తర్వాత నన్ను తిట్టుకుంటారు!

ఇక ఆ రోజుల్లో శాన్ ఫ్రాన్సిస్కో ఎలా ఉండేదో తెలిస్తేగానీ ఈ జోకు మనకి పూర్తిగా అందదు. ఇళ్ళొదిలి వచ్చిన పిల్లలు హైట్ వీధి నిండా ఉండేవారు. వియత్నాం యుద్ధం ఒకపక్క, అమ్మానాన్నలు చూపించిన జీవితం మీద విసుగు ఒకపక్క. ఎవరో ఒకరు 'ఇదిగో దారి' అని చెబితే బాగుండునని ఎదురుచూపు. సరిగ్గా అప్పుడే మన దేశం నుంచి గురువులు రావడం మొదలైంది. భక్తివేదాంత స్వామి ప్రభుపాద వచ్చారు, ఆ పేటలోనే ఫ్రెడరిక్ వీధిలో రాధాకృష్ణుల గుడి పెట్టారు. 1967 జనవరిలో అవలాన్ బాల్‌రూమ్‌లో రాక్ బ్యాండ్ల మధ్య ఆయన హరేకృష్ణ కీర్తన చేయించారు. మహర్షి మహేశ్ యోగి దగ్గరికి 1968లో బీటిల్స్ ఏకంగా రిషీకేశ్ వెళ్ళారు. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవాన్ని స్వామి సచ్చిదానంద ప్రారంభించారు. వాళ్ళ గొప్పతనం గురించి తర్కించే అర్హత నాకు లేదు. నేను చెప్పేది ఆ గాలి గురించే. గడ్డం ఉన్న ప్రతివాడూ జ్ఞానిలా కనబడే కాలం అది.

ఆ గాలిలోంచి పుట్టాడు మన మిస్టర్ నేచురల్. ఈయన పూర్వాశ్రమం వింటే నవ్వొస్తుంది. ఒకప్పుడు సర్వరోగ నివారిణి మందులు అమ్మాడు. అఫ్ఘానిస్తాన్‌లో టాక్సీ నడిపాడు. ఇప్పుడు అన్నీ త్యజించాడు. అంటే, రెండు మంచిమాటలు చెప్పి ఎవరేమిస్తే అది పుచ్చుకుని బతికేస్తాడన్నమాట. ఒక్కోసారి నిజంగానే ఏదో తెలిసినవాడిలా ఉంటాడు. ఒక్కోసారి పచ్చి మోసగాడు. తిండి మీద యావ, ఆడవాళ్ళ మీద బుద్ధి అస్సలు మంచిది కాదు. ఏది నిజం నేచురల్, ఏది నాటకం నేచురల్ అన్నది క్రంబ్ ఎక్కడా తేల్చి చెప్పడు.

ఒక కథలో ఆయన ఎడారిలో కూర్చుని ధ్యానం మొదలుపెడతాడు. అది 719వ ధ్యానమట, లెక్క చూశారా! కూర్చునుండగానే చుట్టూ రోడ్డు పడుతుంది, మేడలు లేస్తాయి, ఊరు ఊరంతా వెలుస్తుంది. పోలీసు వచ్చి లెమ్మంటాడు. ఈయన కదలడు. ఆయన ధ్యాన బలానికి చివరికి ఊరంతా బీటలు వారి కూలిపోయి మళ్ళీ ఎడారి అవుతుంది. ఈయన లేచి, తన దారిన తాను పోతాడు. ఇది వెటకారమా, నిజంగా ధ్యానం గొప్పతనమా? నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ అనే అనిపిస్తుంది.

అయితే నన్ను పట్టుకున్నది ఆయన కాదండీ, ఆయన శిష్యుడు. పేరు ఫ్లేకీ ఫూంట్. చదువుకున్నవాడు, పట్నంవాడు, ఎప్పుడూ ఏదో కంగారు. నేనెందుకు బతుకుతున్నాను, దీనికంతా అర్థమేమిటి అని ప్రశ్న. గురువుగారి వెంటపడి అదే అడుగుతాడు. ఆయన అర్థమూ లేదు, మట్టీ లేదు అని మొహం మీదే చెబుతాడు, అదీ మనం ఇక్కడ రాసుకోలేని మాటతో. తిడతాడు, వెళ్ళగొడతాడు, డబ్బు లాగుతాడు. వీడు కోపంతో ఊగిపోతాడు, ఇక జన్మలో రానంటాడు. మళ్ళీ పేజీ తిప్పేసరికి అక్కడే ఉంటాడు.

మన పరమానందయ్య శిష్యుల కథ గుర్తుందా? ఎంతసేపూ శిష్యుల తెలివితక్కువతనానికి నవ్వుకుంటాం, గురువుగారిని చూసి పాపం అనుకుంటాం. ఇక్కడా అంతే. మొదట గురువు మీద జోకు అనుకుని చదువుతాం. పది పేజీలయ్యాక తెలుస్తుంది, జోకు వెళ్ళి పడేది అడిగేవాడి మీద అని. అయితే ఈ శిష్యుడు గురువుకే పంగనామాలు పెట్టిన ఘట్టమూ ఉంది. 1976లో 'విలేజ్ వాయిస్' అనే న్యూయార్క్ వారపత్రికలో ఈ కథ వారం వారం వచ్చింది. దాని చివర ఫూంట్ చొరవతోనే మిస్టర్ నేచురల్‌ని పిచ్చాసుపత్రిలో చేరుస్తారు!

ఇక్కడిదాకా నవ్వుకుంటూ చదివాను. ఇక్కడ నా నవ్వు ఆగిపోయింది. ఎందుకో చెబుతాను. ఇది ఇప్పటిదాకా మా వారికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా అమ్మ పోయిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఫోన్ వచ్చేసరికి ఇక్కడ మధ్యాహ్నం. నా వీసా కాగితాలు అప్పుడు రెన్యువల్‌లో ఉన్నాయి. వెళితే తిరిగి ఎప్పుడు రానిస్తారో తెలియదు, చిన్నదానికి పదేళ్ళు. వెళ్ళలేదు. అమ్మని వీడియో కాల్‌లో సాగనంపాను. అన్నయ్య ఫోన్ పట్టుకున్న కుర్రాడి చెయ్యి వణికి, నాకు ఒక్కోసారి ఆకాశం, ఒక్కోసారి నేల కనబడ్డాయి. చివరికి ఏం చూశానో కూడా సరిగ్గా తెలియదు.

తర్వాత ఏడాది నేను మామూలుగానే తిరిగాను. ఆఫీసుకి వెళ్ళాను, వంట చేశాను, గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు పెట్టాను. రాత్రి మాత్రం నిద్ర ఉండేది కాదు. అలాంటి ఒక రాత్రి ఫోన్‌లో ఒక గురువుగారి ప్రవచనం కనబడింది. మెత్తటి గొంతు, మంచి తెలుగు. ఎవరో ఫార్వర్డ్ చేశారు. విన్నాను, ఇంకోటి విన్నాను. నెల తిరక్కుండా వారం వారం జూమ్‌లో సత్సంగంలో చేరాను. దక్షిణ వారానికి నూటపదహార్లు. రూపాయలు కాదండోయ్, డాలర్లు!

తొమ్మిది వారాలు వెళ్ళాను. తొమ్మిదో వారం ధైర్యం చేసి అడిగాను. "గురువుగారూ, అమ్మ పోయే రోజున నేను పక్కన లేను. ఆ తప్పు ఎలా పోతుంది?" ఆయన కళ్ళు మూసుకున్నారు, నవ్వారు. దానికి సమాధానం రెండో స్థాయి శిక్షణలో వస్తుందమ్మా అన్నారు. తర్వాత వాళ్ళ ఆఫీసు అమ్మాయి ఫీజు వివరాలు పంపింది.

మీరు ఏమనుకుంటున్నారో తెలుసు. అప్పుడు కోపం వచ్చి మానేసి ఉంటావు అనుకుంటున్నారు కదూ? లేదు. కట్టాను. రెండో స్థాయికి కట్టాను, మూడో స్థాయి ఫారం కూడా నింపాను. మా వారు క్రెడిట్ కార్డు బిల్లు చూసి, గట్టిగా అరవకుండా, "నీకు ఏం కావాలో నాకు చెప్పవచ్చు కదా" అన్నారు. అప్పుడు ఆగాను. ఆయన అరిచి ఉంటే పంతానికైనా కట్టేసేదాన్ని.

అందుకే ఫూంట్‌గాడు మళ్ళీ మళ్ళీ ఆ ముసలాయన తలుపు తడుతుంటే నాకు నవ్వు రాలేదు. వాడు మూర్ఖుడు కాదు. వాడి ప్రశ్న నిజమైనది. జవాబు లేని ప్రశ్నని పట్టుకుని ఒంటరిగా కూర్చోలేక, జవాబు ఉన్నట్టు మొహం పెట్టే మనిషి దగ్గరికి పరిగెడతాడు. మా ఆ గురువుగారి కంటే మిస్టర్ నేచురల్ ఒక విధంగా నయం. ఏమీ లేదు పొమ్మని మొహం మీదే చెబుతాడు, రెండో స్థాయి అనడు!

పొమ్మన్నా పోని శిష్యులు అంటే ఇంకొకరు గుర్తొచ్చారు. కథలో మనిషి కాదు, మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు. చిన్నప్పుడే దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు ఆయన్ని కాబోయే జగద్గురువు అన్నారు, ఆయన కోసం ఒక పెద్ద సంస్థే పెట్టారు. ఆయన 1929లో హాలండులోని ఓమెన్‌లో, వేలమంది సభ్యుల ఎదుటే ఆ సంస్థని రద్దు చేసేశారు. నాకు శిష్యులు వద్దు, ఎవరూ ఎవరినీ గమ్యానికి చేర్చలేరు అని చెప్పారు. తర్వాత ఎన్నో ఏళ్ళు ఈ కాలిఫోర్నియాలోనే ఓహాయ్‌లో ఉన్నారు, 1986లో అక్కడే పోయారు. గురువుని కాదు మొర్రో అన్న ఆ మనిషి చుట్టూ కూడా జనం చివరిదాకా మూగుతూనే ఉన్నారు. చూశారా, గురువు మంచివాడైనా, దొంగవాడైనా, అసలు గురువునే కాదన్నా ఫూంట్ మాత్రం మారడు. వాడు మన లోపలే ఉన్నాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక క్రంబ్‌ని నెత్తిన పెట్టుకుందామా? ఆగండి. ఇక్కడే మా అమ్మాయి ఇంకో మెలిక పెట్టింది.

"అమ్మా, అదే పుస్తకంలో ఆడవాళ్ళని ఎలా గీశాడో చూశావా?" అంది. చూశాను. కొన్ని పేజీలు గబగబా తిప్పేశాను. ఆడదంటే వట్టి శరీరం, ఎక్కి తొక్కడానికో, కొట్టడానికో. నల్లజాతివాళ్ళని గీసిన తీరూ అంతే, చూడలేం. నా బుర్రలో ఉన్న చెత్తనే కాగితం మీద పెట్టాను అన్నట్టుగా ఉంటుంది ఆయన వరస. ఆ నిజాయితీని మెచ్చుకునేవాళ్ళున్నారు. కానీ ఆ చెత్తలో పడేది ఎప్పుడూ మనమే ఎందుకవ్వాలి?

అదే మాట ఆ రోజుల్లోనే గట్టిగా అన్న ఆవిడ ట్రీనా రాబిన్స్. మగవాళ్ళంతా ఒక జట్టుగా ఉండేవారు, ఆవిడ్ని తమ పుస్తకాల్లోకి రానిచ్చేవారు కాదు. క్రంబ్ బొమ్మల్లో ఆడవాళ్ళ మీద ద్వేషం ఉంది అంటే, నీకు హాస్యం తెలియదు అనేవారు. మనం ఎన్నిసార్లు విన్నాం ఈ మాట! మరిది వేసిన జోకుకి నవ్వకపోతే, ఆఫీసులో నవ్వకపోతే, 'జోకు అర్థంకాలేదా?' అని. ట్రీనా ఏడుస్తూ కూర్చోలేదు. 1970లో ఆడవాళ్ళే గీసిన మొట్టమొదటి కామిక్ పుస్తకం తెచ్చింది. పేరు 'ఇట్ ఎయింట్ మీ బేబ్'. 1972లో శాన్ ఫ్రాన్సిస్కోలోనే మరికొందరితో కలిసి 'విమెన్స్ కామిక్స్' మొదలుపెట్టారు. అందులో పెద్దా చిన్నా లేదు, సంపాదకురాలి బాధ్యత వంతులవారీగా మారేది. 1992 దాకా పదిహేడు సంచికలు నడిపారు. మన పత్రికకి కూడా నెలకొకరు ఎడిటర్ అని మనం పోయిన ఉగాదికి పెట్టుకున్న పద్ధతి గొప్ప కొత్త ఆలోచన అనుకున్నాం కదా, యాభై ఏళ్ళ కిందటే చేసి చూపించారు.

ఆ మొదటి సంచికలోనే ఎలీన్ కొమిన్‌స్కీ అనే అమ్మాయి తన ముక్కు, తన ఒళ్ళు, తన ఏడుపు, ఏదీ దాచకుండా తన కథే గీసింది. తర్వాత 1978లో ఆవిడ పెళ్ళి చేసుకున్నది ఎవరినో తెలుసా? ఈ క్రంబ్‌నే. ఇద్దరూ కలిసి ఒకే పేజీలో బొమ్మలు గీసేవారు, ఆయన్ని ఆయన, ఆవిణ్ణి ఆవిడ. 2022లో ఆవిడ పోయేదాకా కలిసే ఉన్నారు. మనుషుల్ని ఒక గీత గీసి అటు మంచి, ఇటు చెడ్డ అని పెట్టలేం.

నాకు అర్థమైంది ఇదీ. గురువుని చూసి నవ్వడం నేర్పినవాడు కూడా గురువు కాదు. హిప్పీలు ఆ తప్పే చేశారు. ఎగతాళి చేసిన బొమ్మనే చొక్కాల మీద వేసుకుని తిరిగారు, క్రంబ్‌ని తమ ప్రవక్తని చేశారు. ఆయనకి అది ఒళ్ళుమంట. క్రంబ్ చెప్పినదాంట్లో పనికొచ్చేది తీసుకుందాం, ట్రీనా అడిగిన ప్రశ్న అడుగుదాం. దేనికీ సాష్టాంగ పడక్కర్లేదు.

ఇక సింకు దగ్గరికి తీసుకొస్తానన్నాను కదా. ఆ పుస్తకంలో ఒక చిన్న కథ ఉంది. మిస్టర్ నేచురల్ గిన్నెలు తోముతాడు. అంతే కథ! సింకు నిండా ఎంగిలి గిన్నెల గుట్ట. ఆయన చేతులు మడిచి ఒక్కొక్కటే కడుగుతాడు. ఉపదేశం లేదు, శిష్యుడు లేడు, దక్షిణ లేదు. గిన్నెలు అయిపోతాయి, ఆయన మొహం తేటపడుతుంది. నేను ఇన్ని ప్రవచనాలు విన్నాను, గిన్నెలు తోమిన గురువుగారిని ఎక్కడైనా చూశామా అని నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అమ్మ పోయిన రోజు సాయంత్రం మా పక్కవీధి వదినగారు వచ్చారు. ఆవిడ ఈ పత్రిక చదువుతారు, పేరు రాస్తే ఊరుకోరు. వచ్చి, నన్ను చూసి, ఒక్క మాట మాట్లాడలేదు. 'కాలం తీరిపోయింది', 'ఆత్మకి చావు లేదు', ఏదీ అనలేదు. సింకులో పొద్దుటి గిన్నెలు అలాగే ఉన్నాయి, డిష్‌వాషర్ పాడై వారమైంది. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎగదోపి అన్నీ తోమి, తుడిచి, బోర్లించారు. చారు పెట్టి, పిల్లదానికి అన్నం కలిపి తినిపించారు. వెళుతూ నా తలమీద చెయ్యి వేశారు.

నా ప్రశ్నకి జవాబు ఆ రోజే వచ్చిందని అనను. ఆ ప్రశ్నకి జవాబు లేదు. అమ్మ దగ్గర నేను లేను, అది ఎప్పటికీ అలాగే ఉంటుంది. కానీ ఆ సాయంత్రం దాన్ని మోస్తూ నేను ఒక్కదాన్నే లేను. ఆ సంగతి మరిచిపోయి, ఏడాది తర్వాత నూటపదహారు డాలర్లు పట్టుకుని జూమ్‌లో వెతికాను. అదీ నా ఫూంట్‌తనం.

ఇది చదువుతున్నవాళ్ళలో ఇప్పుడు అలాంటి రాత్రుళ్ళు గడుపుతున్నవాళ్ళు ఎవరో ఉండే ఉంటారు. పూజ చేసుకోండి, ప్రవచనం వినండి, ధ్యానం చేసుకోండి. మనసుకి బాగుంటే నేనెవర్ని వద్దనడానికి? నేనూ పొద్దున్నే దీపం పెట్టే లేస్తాను. కానీ 'సమాధానం తర్వాతి స్థాయిలో ఉంది' అని ఎవరైనా అంటే కార్డు నంబరు కొట్టకముందు గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి. 'నా సింకు నిండిపోయింది' అని పెట్టండి చాలు. ఎవరో ఒకరం వస్తాం. దూరం ఉన్నవాళ్ళం ఫోన్‌లో ఊరికే పక్కన ఉంటాం.

ఈ నెల ప్రశ్న: మాట్లాడకుండా పని చేసి వెళ్ళిపోయిన మనిషి మీ జీవితంలో ఎవరు? రెండు నిమిషాలకి మించకుండా వాయిస్ మెసేజ్ పెట్టండి. పోయినసారి ఒకరు పదిహేడు నిమిషాలు పెట్టారు, అదీ ఆవకాయ మీద! అమ్మలూ, మీరు మాత్రం ఎంతసేపైనా చెప్పండి.

మా అమ్మాయి ఆ పుస్తకం వెనక్కి పట్టుకెళ్ళిపోయింది. పోతూ పోతూ ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది. పొట్టి మనిషి, నైటీ, పెద్ద పాదాలు, సింకు ముందు నిలబడి గిన్నెలు. గడ్డం మాత్రం లేదు, జడ ఉంది. ఎవరే ఇది అంటే, "నువ్వే" అంది.

వచ్చే నెల కలుద్దాం. ఉంటానండీ.